రెండు అద్దాల మోరిస్

"తొమ్మిది మంది పేర్లు," అన్నాడు కల్నల్ బ్రాంప్టన్, బొటనవేలంత ఫిల్ము డబ్బాను బల్ల మీద జరుపుతూ. "శత్రుదేశంలో ఉన్న మనవాళ్లు. రోసలిండ్ ఫెన్నర్ సరిహద్దు దాటి వాళ్లను తప్పించాలి. నువ్వు దీన్ని ఆవిడ చేతికే ఇవ్వాలి. వేరే చేతిలో పడితే తొమ్మిది శవాలు లేస్తాయి."

"ఆవిణ్ణి ఎలా గుర్తుపట్టాలి సార్?" అడిగాడు నార్మన్ టెంపుల్‌టన్.

"నేనూ చూడలేదు. కోడ్ చెబుతుంది, చిన్నప్పటి ఫోటో చూపిస్తుంది."

"నేనెప్పుడూ బయట డ్యూటీ చెయ్యలేదు సార్!"

"అందుకే నిన్నెవరూ గుర్తుపట్టరు."

1964 ఆగస్టులో ఒక మధ్యాహ్నం. ఇంగ్లండులోని విట్బీ రేవు పక్క టీ దుకాణంలో నార్మన్ సేల్స్‌మన్ వేషంలో కూర్చున్నాడు. అతికించిన మీసం చెమటకు జారుతోంది. జేబులో ఫిల్ము, లైటరు. లైటరు మూడుసార్లు నొక్కితే వీధిలో రొట్టెల వ్యాన్‌లో ఉన్న కల్నల్ మనుషులిద్దరికి సంకేతం అందుతుంది, లోపలికి దూకుతారు.

"ఆ గడగడ కప్పుదా నాయనా, నీదా?" నవ్వుతూ పొగలు కక్కే టీ కూజా పెట్టి వెళ్లింది దుకాణం ఆవిడ.

ఎర్ర స్కార్ఫ్, ఖరీదైన సెంటు. ఎదురు కుర్చీలో ఓ అందగత్తె కూర్చుంది.

"సముద్రం ఇవాళ కోపంగా ఉంది."

"మా అత్తగారి కంటేనా?" అన్నాడు నార్మన్. కోడ్ సరిపోయింది.

"ఏంటండీ, ఉరికంబం ఎక్కుతున్నట్టు ఆ మొహం?" ఆమె ఫోటో తీసింది. "అమ్మ, నాన్న, నేను. రాణిగారి పట్టాభిషేకం నెలలో కారు కొన్నాం."

మోరిస్ మైనర్ కారుకు ఆనుకుని పదేళ్ల పిల్ల. వెనకవైపు సిరాతో 'జూన్ 1953'. నార్మన్ ఊపిరి పీల్చుకుని ఫిల్ము తీశాడు. చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

కారు ముందు అద్దం ఒకటే పలక.

ఆ ఏడు నార్మన్ తండ్రి ప్రతి ఆదివారం డాక్టరుగారి మోరిస్ కడిగేవాడు. అద్దాలు తుడవడం నార్మన్ పని. రెండు పలకలు, మధ్యలో బద్ద. బద్ద సందులో మురికిని అగ్గిపుల్లతో గీకేవాడు. ఒకటే అద్దం వచ్చింది మరో మూడేళ్లకు. ఎవరి ఆల్బమ్‌లోదో కొని, వెనక తేదీ వేసేశారు!

మరి అసలు రోసలిండ్ ఏమైంది?

"ఇవ్వండి." బల్ల కింద మోకాలికి చల్లగా పిస్టల్ తగిలింది. "మీసం ఊడేలోపు."

నార్మన్ రెండో చెయ్యి జేబులో లైటరును నొక్కింది. ఒకటి. రెండు. వణుకుకు లైటరు చేజారి కింద పడింది. ఆమె వేళ్లు ఫిల్ముకు తగిలాయి. నార్మన్ ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. మోచెయ్యి తగిలి మరిగే టీ అంతా ఆమె ఒళ్లో పడింది. కెవ్వుమని లేచింది. పిస్టల్ నేల మీద దొర్లింది. భయంతో నార్మన్ వెనక్కి వేసిన అడుగు లైటరు మీద పడింది.

అదే మూడోది.

వ్యాన్‌లోని ఇద్దరూ దూకి ఆ అందగత్తెను పట్టుకున్నారు. అసలు రోసలిండ్ సాయంత్రానికి ఓ అద్దెగదిలో కట్టేసిన చేతులతో, ప్రాణాలతో దొరికింది. పట్టుబడగానే తన ఫోటో చింపేసిందట. ఫిల్ము ఆమెకే చేరింది.

కల్నల్ మెచ్చుకుని, తన బల్ల మీది ఫ్రేమును ఇటు తిప్పాడు. "మా ఆవిడ, మా పాత కారు. ఒకసారి చూడవోయ్."

నార్మన్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"వద్దు సార్. ఇవాళ్టికి ఒక్క దొంగ ఫోటో చాలు."