నూకరత్నం జతకప్ప

నలభై ఒకటో తొట్టిలో తోకకప్ప వెనక కాలు ఐదు వేళ్లతో పూర్తిగా మొలిచింది. ప్రసూన కొలత తీసి, తెరమీద నూకరత్నం బొటనవేలి కొలతతో పోల్చింది. తేడా లేదు. పొద్దున్నే పని ఇంత సాఫీగా సాగితే ప్రసూనకు కూనిరాగం దానంతటదే వస్తుంది.

నూకరత్నం కాకినాడలో జాకెట్లు కుట్టే మనిషి. ఆవిడ వేలిని కత్తిరింపు యంత్రం మింగింది. తెగిన అంగాన్ని మళ్లీ మొలవమనే సంకేతం, కప్ప కాలిలో పుట్టిన మొలకపిలుపును నలభై రోజులుగా ఆ చేతికి పంపుతున్నారు. ఇక గోరొక్కటే మిగిలింది. దాన్ని మొలిపించే గోరురసం కప్పలోంచి తీసి నిమిషం దాటితే పనికిరాదు కనుక ప్రసూన తొట్టిని వార్డులో నూకరత్నం మంచం పక్కకే తెచ్చింది.

"ఇదేంటమ్మాయ్, చేపపిల్లా?"

"మీ జతకప్ప, పిన్నిగారూ. దీని కాలూ మీ వేలూ కలిసే పెరిగాయి."

నూకరత్నం కళ్లజోడు సవరించుకుని వంగి చూసింది. "పాత కాలేమైంది?"

ప్రసూనకు అబద్ధం చేతకాదు. "మేమే తీశాం."

"మరి గోరుకేం తీస్తారు?"

"దాన్నే. మొత్తంగా."

"అయితే నాకు గోరొద్దు."

"గోటితో నొక్కకపోతే మడత నిలవదని మీరే అన్నారు కదా!"

"అన్నాను. ఎడంచేత్తో నొక్కుకుంటాను, కాస్త ఆలస్యమవుద్ది. నాతోపాటు పెరిగినదాన్ని గోరు కోసం చంపుకుంటానా? వదిలెయ్యి."

వార్డు లెక్కలన్నీ చూసే యంత్రం, పర్యవేక్షి, తెరమీద ఒప్పుకోలేదు. గోరు లేని వేలు అసంపూర్ణమంది, కారణం అడిగింది. జాబితాలో కప్ప మరణం, కప్ప జబ్బు, ఉద్యోగి తప్పిదం ఉన్నాయి. రోగి వద్దన్నారనే మాట ఎక్కడా లేదు. మొదటిది నొక్కితే అడిగే నాథుడు లేడు. ప్రసూన ఏదీ నొక్కలేదు. జాబితా మూసేసి 'వేలు పూర్తయింది' అని వేలిముద్ర వేసింది. ఎనిమిదేళ్లలో పర్యవేక్షి మాట కాదనడం ఇదే మొదలు. ఉద్యోగం పోతుందేమోనని భయం వేసింది, అయినా సంతోషంగానే ఉంది.

పర్యవేక్షి ఆ వేలిముద్రను నమోదు చేసుకుంది. గోరు లేకుండానూ వేలు పూర్తవుతుందని ఇప్పుడే నేర్చుకుంది మరి, మిగతావాళ్లను అడగక తప్పలేదు. వార్డులో పన్నెండు తెరలు ఒకేసారి వెలిగాయి: 'మీకు గోరు కావాలా?'

తొమ్మిదో మంచం మీద లారీ మెకానిక్ అప్పలకొండ ఇందాకటి మాటలన్నీ విన్నాడు. 'కావాలి' అనబోయి ఆగాడు.

"ముందు నా కప్పని తీసుకురా తల్లీ," అన్నాడు. "ఓపాలి చూసి చెప్తాను."