దొడ్డిమోరి కాడి హారన్

అచ్చంపేటకు ఇవతల, అడివి మొదలయ్యే మలుపుల ఒక కల్వర్టు ఉన్నది. దొడ్డిమోరి అంటరు. పొద్దుగూకినంక ఆడ ఎవ్వరూ బండి ఆపరు. బండి లైట్లు కనవడితె చాలు, చీకట్ల హారన్ మోగుతదంట... కారుండదు. మనిషుండడు. హారన్ ఒక్కటే — ఆగి ఆగి.

అది సచ్చిపోయిన శివకృష్ణ ఒత్తుతున్నడని ఊరోళ్ళ మాట.

పోయిన చలికాలం శివకృష్ణ కారు ఆ మోరికే గుద్దింది. తెల్లారి గొర్లు తోలుకొచ్చిన బీరన్న చూసిండు. పిలగాడు స్టీరింగుకూ సీటుకూ నడుమ ఇరికి ఉన్నడు. పానం పోయింది. కుడిచెయ్యి హారన్ మీదనే ఉన్నది. ఆ రాత్రి బీరన్న మంద ఆ పక్క చెల్కలనే పండింది. గుద్దిన చప్పుడుకు లేచినా, మల్ల ఏ చప్పుడూ ఇనవడక పండిండు.

మెకానిక్ పర్వతాలు ఆనాటి నుంచి ఆ తొవ్వ తొక్కలే. శివకృష్ణ ఆయన దోస్తు. సచ్చిపోయేదానికి నాలుగు దినాల ముందట కారు తెచ్చి, "మీటర్ల ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరుతలేదు, హారన్ గూడ పలుకుతలేదురా," అన్నడు. షెడ్డు నిండ బండ్లు. పర్వతాలు స్టీరింగ్ ఇప్పనే లేదు.

"లైటే గద, ఏం గాదు. హారన్ మల్ల జూస్త."

ఎనిమిది నెలలకు షెడ్డుకు ఇంకో కారొచ్చింది. అదే లైటు. అదే మూగ హారన్.

ఈసారి బ్యాటరీ తీగె పీకి, జరసేపు ఆగి, స్టీరింగ్ ఇప్పిండు. లోపట గడియారం స్ప్రింగు లెక్క చుట్టుకున్న పల్చటి తీగెపట్టీ... నడుమకు తెగి ఉన్నది. ఎయిర్‌బ్యాగుకు కరెంటు పోయేది దాంట్లకెల్లే. హారన్‌కు పోయేదీ దాంట్లకెల్లే.

తెగిన పట్టీని పర్వతాలు వేళ్ళతోటి తడిమిండు. ఆనాడు బ్యాగు ఎందుకు తెరుచుకోలేదో, దోస్తు ఒత్తిన హారన్ ఎందుకు ఎవ్వరికీ ఇనవడలేదో... అప్పుడు సమజైంది.

ఆ రాత్రే బైకు తీసిండు. శివకృష్ణ తల్లి గోపమ్మకు చెప్పాలె. ఆమె ఊరికి పోవాల్నంటె మోరి దాటాలె.

మలుపు తిరిగిండో లేదో — హారన్!

బైకు ఆపిండు. మల్లొక్కసారి... మోరి గోడ ఎనకకెల్లి.

"శివా..." అన్నడు పర్వతాలు. "నేనేరా..."

చీకట్ల గొంగడి కదిలింది.

"ఎవరు బిడ్డా?"

గోపమ్మ. ఒడిల పాత బ్యాటరీ, దానికి తీగెలతోటి కట్టిన హారన్. కొడుకు కారులోదే.

"లైటు కనవడంగనే మోగిస్త. మలుపు తెలవాలె గద," అన్నది. "వాడు ఒత్తింది ఎవ్వరికీ ఇనవడలే. నేనొత్తిందన్న ఇనవడాలె..."

పర్వతాలు ఆమె ముంగట కూసున్నడు. అంత చెప్పిండు — లైటు, తెగిన తీగె, తను ఇప్పని స్టీరింగు.



"ఎరికె," అన్నది మెల్లగ. "ఆ పొద్దు వాడు ఇంటికొచ్చి చెప్పిండు. పర్వతాలు చూసిండమ్మా, ఏం గాదన్నడు, అని. నువ్వు ఎన్నడొస్తవా అని చూస్తున్న."

దూరంగ లారీ లైట్లు అగుపడ్డయి. గోపమ్మ హారన్ ఎత్తింది. తీగె ఊడింది.

"జర పట్టు బిడ్డా."

పర్వతాలు రెండు తీగెలు కలిపి పట్టుకున్నడు. హారన్ మోగింది. లారీ నిమ్మలమై, మోరి దాటి పోయిందాంక ఇడువలే.