పెరట్లో దొరికిన గెలాక్సీ

"ఏవండీ, ఆ లైటు ఆపండి!"

మా తమ్ముడు పక్కింటి మేడమీద అమ్మాయితో అన్న మొట్టమొదటి మాట ఇది. పలకరింపంటే అలా ఉండాలి మరి!

"మా బాల్కనీ, మా లైటు. మీకేం నొప్పి?" అంది ఆ అమ్మాయి. పళ్ళ డాక్టరు కదా, నొప్పి సంగతే అడుగుతుంది.

"గెలాక్సీని ఫొటో తీస్తున్నానండీ. సుడి తిరిగి ఉంటుంది. కోట్ల కాంతి సంవత్సరాల దూరం."

"అంత దూరందానికి నా లైటు అడ్డమా?"

"అడ్డమేనండీ."

ఏమనుకుందో, టప్పున ఆపేసింది. మర్నాటి నుంచి అడక్కుండానే ఆపేది. మావాడు ఢామ్మని ప్రేమలో పడ్డాడు.

"చెప్పెయ్యరా," అన్నాను.

"ఉత్త చేతుల్తోనా? గెలాక్సీ ఇచ్చి చెప్తానక్కా."

"ఆదివారం వాళ్ళు ఇల్లు ఖాళీ చేసేస్తున్నారురా, మొద్దూ!"

వాడి మొహం మాడిపోయింది.

మా ఆకాశం గురించి చెప్పుకుంటే సిగ్గుచేటు. వీధి దీపాలు, పొగ, మబ్బులు. ఒక్క నక్షత్రం కనిపిస్తే ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చి చూసేవాళ్ళం. వాడు పెరట్లో స్టాండు మీద కెమెరా పెట్టి, తెల్లవార్లూ దానంతటదే ఫొటోలు తీసేలా చేసి, కుర్చీలో గుర్రుపెట్టేవాడు. పొద్దున్నే వాటిని కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చేవాడు. మసక వెలుగైనా అలా పోగుపడితే కనిపిస్తుందట. రోజూ మబ్బే పోగుపడేది.

శనివారం పొద్దున ఇల్లెగిరిపోయేలా కేక. "అక్కా! దొరికింది!"

నల్లటి తెరమీద ఎర్రటి సుడి, చుట్టలు చుట్టలుగా. నాకే ఒళ్ళు పులకరించింది.

ఫ్రేము కట్టించి సాయంత్రం పక్కింటికి వెళ్ళాం. సామాన్ల పెట్టెల మధ్య డాక్టరమ్మ, వాళ్ళ నాన్నగారు ఉన్నారు. ఆ అమ్మాయి ఫొటోని పంటి ఎక్స్‌రేలా కిటికీ వెలుగుకెత్తి చూసింది.

"ఇక్కడ సందేమిటి?"

"విశ్వధూళి అండీ!"

"కాదండీ. ఇది మా దోమల కాయిల్. పెట్టెలోంచి తీస్తుంటే అక్కడే విరిగింది, దారంతో కట్టా. పిల్లి తన్నేస్తోందని బాల్కనీ గోడ మేకుకి తగిలించా."

నాకు విషయం వెలిగింది. స్టాండు మర వదులై, కెమెరా ముక్కు వంచుకుని రాత్రంతా ఆ బాల్కనీనే ఫొటో తీసింది. ఒక్కో ఫొటోలో నిప్పు చుక్క ఒక్కో చోట. అన్నీ పేరిస్తే సుడి! మావాడిది కళ్ళజోళ్ళ దుకాణం. ఊరందరి చూపూ వీడే సరిచేస్తాడు మహానుభావుడు!

నాన్నగారు పెట్టె మీద కూలబడి నవ్వుతున్నారు. తమ్ముడు ఫ్రేము చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. అంతా అయిపోయిందనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది.

గుమ్మంలో ఆగాడు.

"ఒక్క మాటండీ. లైటు ఆర్పేసుకుని, దోమల్లో, తెల్లవార్లూ బాల్కనీలో ఏం చేశారు?"

డాక్టరమ్మ ఒకే పెట్టెకి మళ్ళీ మళ్ళీ టేపు అంటిస్తోంది. "మీరు పైకి చూస్తున్నారు. నేను కిందికి చూస్తున్నా."

"గుర్రుపెడుతున్నప్పుడు కూడానా?" అన్నాను, ఉండబట్టలేక.

"అప్పుడే బావుంటారు."

నాన్నగారి నవ్వు ఆగింది. "బాబూ, చెప్పేదేదో ఇప్పుడే చెప్పు. పొద్దున్నే లారీ వస్తుంది."

వాడు నోరు తెరిచాడు.

"ఇంకొంచెం పెద్దగా తెరవండి," అంది పళ్ళ డాక్టరు.

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ. మీరు వెళ్ళిపోతే ఆ పెరట్లో నేను ఉండలేను."

నాన్నగారు ఫోను తీసి, లారీవాణ్ణి రేపు రావద్దన్నారు.

గదిలో చీకటి పడుతోంది. తమ్ముడు ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

"ఏవండీ, ఆ లైటు వెయ్యండి. మిమ్మల్నింకా సరిగ్గా చూడలేదు."

టప్పున వేసింది.