పెదనాన్న పోయాడన్న శనివారం

చీకటి పడ్డాక ఆ రిజర్వాయరు పక్కనున్న ఇంటి ముందు నుంచి ఎవరూ నడవరట. ముళ్ళు గీరుకున్నా సరే, చుట్టూ తిరిగి రాళ్ళ దారిలోనే పోతారట.

ఒకప్పుడు నీళ్ళ గేట్లు ఎత్తే ఉద్యోగి ఒకడు అందులో కాపురం ఉండేవాడు. ఒక వానరాత్రి డ్యూటీ అయిపోయినా ఇంటికి రాలేదు. ఎక్కడో స్నేహితులతో కబుర్లలో పడ్డాడు. గేట్ల దగ్గరే ఏమన్నా అయిందేమోనని పెళ్ళాం లాంతరు పట్టుకుని వెతకడానికి వెళ్ళింది. ఆయన తెల్లారి వచ్చాడు. ఆవిడ రాలేదు.

అప్పట్నుంచి ఆ ఇల్లు ఖాళీ. కానీ వరండాలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుందంటారు. మీద పడదు, అరవదు. ఎదురొచ్చిన వాళ్ళని ఒక్కటే అడుగుతుంది — "ఎందుకింత ఆలస్యమైంది?"

నిజం చెప్తే వదిలేస్తుంది. అబద్ధం చెప్తే మాత్రం... వెనకాలే ఇంటిదాకా వస్తుంది.

ఎవరో లారీ డ్రైవరు తాగిన మత్తులో "టైరు పంచరైందే" అని వేళాకోళమాడాడట. ఇంటికెళ్ళి తలుపు కొడితే వాళ్ళావిడ తీసి, "నీ వెనకాల ఆవిడెవరు?" అనడిగిందట.

ఇదేదీ నేను చూసింది కాదు. ఆఫీసులో నా పక్క సీటువాడు చెప్తే విన్నాను. అతన్ని మేం టూరిస్టు అంటాం. శుక్రవారం పొద్దున్నే అతని బ్యాగు బల్ల కింద సిద్ధంగా ఉంటుంది. సాయంత్రం ఆరు కొట్టేసరికి బండి మీద ఉంటాడు. సోమవారం ఎండకి కమిలిన మొహంతో వచ్చి, కొండో వాగో ఏదో ఒకటి చూసిన సంగతి బుధవారం దాకా చెప్తాడు.

మాది పార్సిళ్ళు చేరవేసే కంపెనీలో ఫిర్యాదుల విభాగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోనెత్తి, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనడం పని. రోజుకి ఎనభై సార్లంటాం. ఒక్కసారీ చింతించం.

శనివారాలు మాత్రం ఒక్కళ్ళు వస్తే చాలు. వంతులు వేసుకుంటాం. ఆ వంతుల పట్టిక రాసేది అక్క. మా అందరికంటే ముందు నుంచీ ఉన్న మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరే. టూరిస్టు కబుర్లు చెప్తుంటే చెయ్యి గడ్డం కింద పెట్టుకుని వినేది. "మాకెలాగూ కుదరదు. నువ్వు చూసిందే మేం చూసినట్టులే" అనేది.

ఒక గురువారం మధ్యాహ్నం ఆవిడ అతని బల్ల దగ్గరకొచ్చింది. నేను ఆ వారం జ్వరంతో సెలవులో ఉన్నాను.

"తమ్ముడూ, ఎల్లుండి నా బదులు నువ్వు కూర్చుంటావా? అమ్మకి అస్సలు బాలేదు. ఈ రెండు మూడు రోజులూ దగ్గరుండమన్నాడు డాక్టరు."

ఆ శనివారానికే రిజర్వాయరు దగ్గర గది చెప్పేశాడు టూరిస్టు. నలుగురు స్నేహితులు, రెండు బళ్ళు. "అక్కా, టూరుంది" అనుంటే ఆవిడ ఏదో ఒకటి చేసుకునేది. కానీ తల్లి మంచం మీద ఉందని చెప్తున్న మనిషితో టూరుంది అనడానికి నోరు రాలేదట. నోరు రాకపోతే ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"అక్కా... మా పెదనాన్న పోయాడు. ఇప్పుడే ఫోనొచ్చింది. ఊరెళ్ళాలి."

అతనికి పెదనాన్న ఉన్నాడు. నిక్షేపంలా ఉన్నాడు. రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తాడు.

అక్క మొహం మారిపోయింది. అతని భుజం మీద చెయ్యేసింది. గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది. "నువ్వు బయల్దేరు. ఇక్కడి సంగతి నేను చూసుకుంటాలే" అంది.

శనివారం ఆవిడే వచ్చింది. ఆఫీసులో సొంత ఫోను సొరుగులో పెట్టెయ్యాలన్నది రూలు. పెట్టేసింది. రెండున్నరకి ఒకావిడ ఫోన్ చేసి, పార్సిలు పోయిందని నలభై నిమిషాలు తిట్టింది. అక్క చింతిస్తూనే ఉంది. అదయ్యాక సొరుగు తీస్తే పక్కింటివాళ్ళ ఫోన్లు పదకొండు.

వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

అదే సమయానికి టూరిస్టు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఫొటో దిగుతున్నాడు.

పది రోజులకి అక్క మళ్ళీ పనిలోకొచ్చింది. వచ్చీ రాగానే అతన్ని అడిగిన మాట — "మీ పెద్దమ్మ ఎలా ఉంది?"

"పర్లేదక్కా" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి వారం అడిగేది. పెద్దమ్మ భోంచేస్తోందా, రాత్రిళ్ళు నిద్రపడుతోందా, పక్కన ఎవరు పడుకుంటున్నారు... అతను ఒక్కోదానికీ ఒక్కో జవాబు కల్పించాలి. బతికున్న మొగుడు పక్కన హాయిగా గురకపెడుతున్న పెద్దమ్మని ఇతను ఇక్కడ చిక్కి శల్యమయ్యేలా చేసేశాడు. చెప్పేద్దామని మూడుసార్లు లేచాడట. మూడుసార్లూ మంచినీళ్ళ కూజా దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు.

రెండు నెలలు ఎక్కడికీ వెళ్ళలేదు. శనివారం వస్తే గదిలో పడుకుని గోడ చూసేవాడు. ఒక శుక్రవారం ఇక ఉండబట్టక బ్యాగు సర్దాడు. ఎక్కడికెళ్ళాలో తోచలేదు. బండి దానంతటదే ఆ రిజర్వాయరు వైపే పోయిందంటాడు. ఈసారి ఒక్కడే.

శనివారమంతా గది దాటలేదు. చీకటిపడ్డాక ఆనకట్ట మీదికి నడిచాడు. అక్కడ తప్ప ఫోను పలకదు. ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, పెదనాన్న ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడు. ఏంట్రా, ఎప్పుడూ లేంది ఈ మధ్య రోజూ ఆయన గురించే అడుగుతున్నావు?"

"ఊరికే."

"ఆయన కూడా అంటున్నాడు, వీడికి నామీద ఇంత ప్రేమేంటి అని."

ఫోన్లో చార్జింగు అయిపోయింది. ఎనిమిదిన్నర దాటింది. కరెంటు కూడా పోయింది — లాడ్జిలో దీపాలు, రోడ్డు మీద దీపాలు, అన్నీ ఒక్కసారే. నీళ్ళెక్కడో, నేలెక్కడో తెలియడం లేదు.

ఆనకట్ట దిగితే దారి రెండుగా చీలుతుంది. రాళ్ళ దారిలో పాములుంటాయని మధ్యాహ్నమే లాడ్జి వాచ్‌మన్ చెప్పాడు. రెండో దారి ఆ ఇంటి ముందు నుంచి. టూరిస్టు కాసేపు నిలబడ్డాడు. చదువుకున్నవాణ్ణి, దెయ్యమేంటి అనుకున్నాడు. ఆ ఇంటి దారే పట్టాడు.

గాలి లేదు. తన చెప్పుల చప్పుడు తనకే పెద్దగా వినిపిస్తోంది. చూడకూడదనుకుంటూనే ఇంటివైపు చూశాడు. వరండా స్తంభాలు రెండు... వాటి మధ్య నల్లగా ఏదో.

మూట అనుకున్నాడు.

మూట కదిలింది.

కాళ్ళు ఆగిపోయాయి. ఆ కూర్చున్న ఆకారం తలెత్తింది. అలసిపోయిన ఆడగొంతు, చాలా మెల్లగా —

"ఎందుకింత ఆలస్యమైంది?"

వెంటనే నోటికొచ్చింది అబద్ధమేనట. "ఫోను..." అని మొదలెట్టి నాలిక కరుచుకున్నాడు. లారీ డ్రైవరు గుర్తొచ్చాడు. నిజం చెప్పాలి. ఏ నిజం? అతని దగ్గర ఉన్నది ఒక్కటే.

అక్క వాళ్ళమ్మని అతను ఎన్నడూ చూడలేదు. కానీ ఆ నిమిషంలో ఆ కూర్చున్నది ఆవిడేనని రూఢి అయిపోయింది. గేటు ఉద్యోగి పెళ్ళామూ కాదు, ఎవరూ కాదు.

"అమ్మా..." అన్నాడు. "మీ అమ్మాయిది తప్పు లేదమ్మా. ఆలస్యం నావల్ల అయింది. మా పెదనాన్న పోలేదు. నేను... నేను ఇక్కడికే వచ్చాను. ఆ రోజు. స్నేహితులతో. మీ అమ్మాయి బదులు నేను కూర్చోవాల్సింది."

అవతల ఊపిరి తీసిన చప్పుడు వినిపించింది.

"మీకు బాలేదని చెప్పింది. డాక్టరు దగ్గరుండమన్నాడని కూడా చెప్పింది. తెలిసే అబద్ధం చెప్పానమ్మా. తెలియక కాదు."

నోటికి అలవాటైన మాట ఒకటే వచ్చింది — "మీకు కలిగిన..." అని, సగంలో ఆపేశాడు. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయిందట. అక్కడే మట్టిలో కూలబడ్డాడు. రెండు నెలల నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆవిడ కదల్లేదు. ఎంతసేపో తెలియదు.

అంతలో ఇంటి పక్కనుంచి అడుగుల చప్పుడు. టార్చి వెలుగు ఊగుతూ వచ్చింది. వాచ్‌మన్.

"ఆలస్యమైంది మేడమ్, ఏమనుకోకండి. ఒక టార్చి ఆరిపోయిందని ఇంకోటి తేబోతే దాన్లోనూ బ్యాటరీలు లేవు. వెతికి వేసుకొచ్చాను. పదండి, మీ గది తెరిచే ఉంచాను."

వెలుగు వరండా మెట్ల మీద పడింది. చిన్న బ్యాగు. దుమ్ము పట్టిన చెప్పులు. ఒళ్ళో ముడుచుకున్న చేతులు.

మొహం మీదికి పాకింది.

అక్క.

రాత్రి ఆఖరి బస్సుకి దిగింది. తల్లి పోయాక శని ఆదివారాలు ఆ ఇంట్లో ఒక్కర్తే ఉండలేక, ఇతను ఎప్పుడో కబుర్లలో చెప్పిన చోటే కదా అని, జీవితంలో మొదటిసారి ఒక గది చెప్పుకుని వచ్చింది. రాళ్ళ దారిలో పాముల భయానికి వాచ్‌మన్ ఇటుగా లాడ్జికి తీసుకెళ్తుంటే సగం దారిలో టార్చి ఆరిపోయింది. ఇక్కడ కూర్చోండి, చిటికెలో వస్తానని వాచ్‌మన్ వెళ్ళాడు. అడుగులు వినబడితే అతనే అనుకుని అడిగింది.

"మీరా బాబూ? కింద కూర్చున్నారేం?" అన్నాడు వాచ్‌మన్.

అక్క లేచింది. బ్యాగు వాచ్‌మన్ తీసుకున్నాడు. మెట్లు దిగి టూరిస్టు పక్కనుంచే నడిచింది. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఆ పొద్దున నేను ఆఫీసుకి వెళ్ళనన్నాను" అంది. గొంతులో కోపం లేదట. "అమ్మే పంపించింది. పాపం ఆ పిల్లాడికి పెద్దదిక్కు పోయింది, నువ్వు కూడా మానేస్తే మళ్ళీ వాణ్ణే ఊరి నుంచి పిలిపిస్తారేమో, వెళ్ళి కూర్చో అంది. అదే ఆఖరి మాట నాతో."

టూరిస్టు తల ఎత్తలేదు.

టార్చి వెలుగు రోడ్డు మీద అలాగే ఆగి ఉంది. అప్పుడు అడిగింది అక్క.

"అయితే మీ పెదనాన్న... ఉన్నారా?"

"ఉన్నారక్కా. బాగున్నారు."

"హమ్మయ్య" అంది.

టార్చి వెనకాలే నడిచి వెళ్ళిపోయింది.

ఇది జరిగి ఏడాది దాటింది. అక్క ఇప్పటికీ మా సెక్షన్లోనే ఉంది, ఇప్పటికీ వంతుల పట్టిక రాస్తుంది, అతన్ని తమ్ముడూ అనే పిలుస్తుంది. టూరిస్టు ఈ కథ నాకొక్కడికే చెప్పాడు. ఆ హమ్మయ్యలో వెటకారం ఉందేమోనని అతను ఎంత వెతుక్కున్నా దొరకలేదట.