బొట్టు పెట్టిన జకార్డు

ఈ పరుగు మొత్తం నేను కళ్లారా చూసినా. వాళ్ల వెంబడే పరిగెత్తినా. హిందూపురం సందుల్లో నన్ను దాటిపోయే మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఇనండి.

పొద్దు గూకింది. హిందూపురం. మార్కెట్ వెనక సందు.

మద్దిలేటి పరిగెత్తుతాండాడు.

వెనక చెన్నకేశవులు!

చింతపండు బస్తాలు... దాటినాడు. అరటిపండ్ల బండి... దాటినాడు. అడ్డంగా పండుకున్న కుక్క... దాన్నీ దాటినాడు!

కేశవులు చెప్పు ఊడిపోయింది. తిరిగి చూడలేదు. వాని జేబులో ఫోనుంది. ఫోన్లో ఆధార్ కార్డుంది. కార్డులో మద్దిలేటి మొగముంది. అదే ముక్కు. అవే చెవులు.

ఆన్‌లైన్లో మగ్గానికి పెట్టే జకార్డు అమ్ముతానని డబ్బు తీసుకోని మాయమైనోడు వీడే!

సందు మలుపు. ఇంకో మలుపు.

ఎదురుగా గోడ.

కేశవులు కాలర్ పట్టుకున్నాడు. చెయ్యెత్తినాడు.

మద్దిలేటి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచే మాట్లాడినాడు.

"కొట్టాలంటే కొట్టన్నా. పండ్లు మాత్రం వదిలెయ్. ముందొచ్చినోళ్లు రెండు రాలగొట్టినారు."

ఎత్తిన చెయ్యి గాల్లోనే నిలబడిపోయింది.

ముందొచ్చినోళ్లా...?

ఈడ కొంచెం ఆగుతా. కళ్లారా చూసినా అంటినే... ఆ పొద్దు నేను గోరంట్లలో మోకాళ్లకు నూనె పట్టించుకోని మంచంలో ఉండా. పరుగు సంగతి దేవుడెరుగు, నన్ను లేపి కూచోబెట్టేదానికే ఇద్దరు మనుషులు కావాల. సగం మద్దిలేటి చెప్పినాడు, సగం కేశవులు పెండ్లాం రత్నమ్మ చెప్పింది. మీరేం అనుకోవద్దండి.

కేశవులుది ధర్మవరం. పట్టుచీరలు నేస్తాడు. మగ్గం మీద జకార్డని ఒక పెట్టె ఉంటాది. చీర అంచులో హంసలు, మామిడిపిందెలు తేల్చేది అదే. అది కాస్తా విరిగి కూచుంది. మగ్గం ఆగింది.

నేతకు పట్టు ఇచ్చే షావుకారు కబురు పంపినాడు. తొందరగా నేత మొదలుపెట్టకుంటే మగ్గానికెక్కించిన పట్టు దారాల పడుగు విప్పుకోనిపోయి ఇంకొకరికిస్తానన్నాడు. పడుగు పోతే మగ్గం ఉత్త కట్టెలే. మగ్గం కట్టెలైతే ఆ ఇంటికి ఇంకో పని చేతకాదు.

కొత్త జకార్డు కొనే తాహతు లేదు. ఫోన్లో వెతికినాడు.

కనపడింది! పాతదే. సగం ధర. నిగనిగలాడతాంది.

రత్నమ్మ ముందే అనుమానపడింది. ఇంత చవగ్గా ఎవరిస్తారబ్బా, ఒకసారి పోయి కంటితో చూసిరా అనింది. డబ్బు పంపే కోడ్ కొడితే వేరే పేరొస్తాంది, ఎందుకో అడుగు అనింది. వాని పెండ్లాం అకౌంటంట అని కేశవులు తేల్చేసినాడు. చూసేదానికి వస్తామంటే, లారీ కదిలిపోతాంది, అడ్వాన్స్ ఇప్పుడే ఎయ్యాలంట.

ఇన్ని చెప్పినా కేశవులు చెవికెక్కలేదు. ఎందుకంటే ఫొటోలో జకార్డు పెట్టెకు పసుపు కుంకుమ బొట్లుండాయి. పైన మల్లెపూల మూర. పనిముట్టుకు శుక్రవారం బొట్టు పెట్టేటోడు దొంగెట్లయితాడు? నేతగాని లెక్క అది. ఆ ఫొటో కూడా దొంగిలించిందే అయ్యుండొచ్చని ఏ నేతగానికీ తోచదు.

పైగా వాడు ఆధార్ పంపినాడు. నీదీ పంపన్నా, నాకూ నమ్మకం కావాల గదా అన్నాడు. కేశవులు పొంగిపోయినాడు. నన్ను అనుమానించేటోడు నిఖార్సైన మనిషే అనుకున్నాడు! కొలతలు చూసుకోవాల, నువ్వు కూచున్న మగ్గం ఫొటో పెట్టు అన్నాడు వాడు. కేశవులు అదీ పెట్టినాడు.

డబ్బు పోయింది. వాని ఫోన్ ఆగిపోయింది. కార్డు మీద అడ్రసు పట్టుకోని కేశవులు హిందూపురం వచ్చినాడు.

మళ్లీ సందులోకి రాండి.

మద్దిలేటి పంక్చర్ షాపోడు. వాడూ అదే యాప్‌లో గాలి కొట్టే కంప్రెసర్ కొనబోయి ఆధార్ పంపినాడు. ఆ దినం నుంచి వాని పేరుతో అమ్మకాలే అమ్మకాలు. ట్రాక్టర్లు, ఫ్రిజ్‌లు, బర్రెలు.

"నా జన్మలో బర్రె తోక పట్టుకున్నోన్ని కాదన్నా. నేను పాడి బర్రెలు అమ్ముతాండానంట."

కేశవులుకు నవ్వు రాలేదు. కాలర్ వదిలినాడు.

మద్దిలేటి మెల్లగా అడిగినాడు.

"నీ కార్డు పంపించినావా వానికి?"

కేశవులు తల ఊపినాడు.

"అయితే ఈడ నాతో ఏం పనప్పా. ఇంటికి పో. బిరీన పో."

బండి!

కిక్కు కొట్టినాడు. అంటుకోలేదు. మళ్లీ కొట్టినాడు. అంటుకుంది!

పెనుకొండ. కొండ మీద కోటగోడలు చీకట్లో కలిసిపోతాండాయి. రోడ్డు పక్క టీ అంగడి కాడ ఆపినాడు. మద్దిలేటి చెప్పిన సైబర్ మోసాల నంబరు కొట్టినాడు. 1930.

ఆ పక్క ఆడబిడ్డ ఓపిగ్గానే అడిగింది. ఎవరికి పంపినారు, ఎట్లా పంపినారు. అన్నీ రాసుకుంది. ఎప్పుడు పంపినారు అనింది.

చెప్పినాడు.

ఆ బిడ్డ గొంతు తగ్గింది. డబ్బు పోయిన గంటలోనే ఫోన్ చేసుంటే ఆపేదానికి వీలుండె సార్ అనింది. ఇప్పుడది యాడ యాడ తిరిగిందో. కంప్లయింట్ తీసుకున్నాం అనింది.

కేశవులు యాప్ తెరిచినాడు. వేలితో పైకి తోసినాడు... తోసినాడు...

ఆగింది వేలు.

అమ్మకానికి మగ్గం. ధర్మవరం. జకార్డుతో సహా. సగం ధర.

ఫొటోలో మగ్గానికుండే బొట్లు రత్నమ్మ పెట్టినవే. మగ్గం కింద గుంతలో కనపడే కాళ్లు తనవే!

రిపోర్ట్ నొక్కినాడు. పరిశీలిస్తామని వచ్చింది. ప్రకటన యాడికీ పోలేదు. ఆడనే ఉండాది.

రత్నమ్మకు ఫోన్. ఎత్తలేదు.

మళ్లీ. ఎత్తలేదు...

మళ్లీ.

"ఇంటికాడ టెంపో నిలబడిండాది" అనింది రత్నమ్మ, గుసగుసగా. "నలుగురొచ్చినారు. మన మగ్గం కొన్నారంట. నువ్వే అమ్మినావంట."

టీ గ్లాసు అట్లే ఉండిపోయింది.

చీకటి. లారీ లైట్లు కండ్లలో కొడతాండాయి. గుంత... ఎగిరింది బండి! పడలేదు. ధర్మవరం!

ఇంటిముందు టెంపో. గడప బయట నాలుగు జతల చెప్పులు.

వాళ్లూ నేతగాళ్లే. కదిరి పక్కోళ్లు. మగ్గాన్ని తాకేముందు చెప్పులిడిచినారు. కండ్లకద్దుకున్నారు. ఆమీట విప్పుతాండారు. ఏ తాడు ముందు వదలాలో, ఏ మేకు తరవాత పీకాలో వాళ్లకు ఒకరు చెప్పే పనిలేదు.

పడుగు మీద బ్లేడు పెట్టినారు.

చర్ర్...

పట్టు దారాలు గుంతలోకి జారిపోయినాయి.

కేశవులు అడ్డం పడినాడు. తానూ మోసపోయినోన్నేనన్నాడు. మద్దిలేటి కథ చెప్పినాడు, 1930 చెప్పినాడు, ఫోన్ చూపించినాడు. వాళ్లలో ముందున్న ఆంజనేయులు అంతా ఇన్నాడు. తన ఫోన్ తీసి కేశవులు మొగం ముందు పెట్టినాడు.

"ఈ కార్డులో ఉండేది నువ్వు కాదా?"

"నేనే."

"ఇది నీ మగ్గం కాదా?"

"నాదే."

"ఇంకేం మాట్లాడాలప్పా."

మగ్గం కంబాలు లేచినాయి. గడప దాటినాయి. టెంపో కాడ రత్నమ్మ నిలబడింది. తిట్టలేదు. ఏడవలేదు. పక్కకు మాత్రం జరగలేదు.

వెనక కొస మోస్తాండే వీరభద్రయ్య అనే పెద్దాయన ఆమెను చూసినాడు. ఆమె చేతులు చూసినాడు. పట్టు దారం కోసి కోసి గీతలు పడిన చేతులు. ఆయన చేతులూ అట్లాంటివే.

"దించండబ్బా" అన్నాడు. "వీళ్లూ మన మాదిరే."

మగ్గం కిందికి దిగింది. టెంపో ఖాళీగా తిరుక్కోని పోయింది.

...

ఆ పెద్దాయన దించమన్నది మాత్రం నేను కల్పించినా.

ఎవరూ దించలేదు.