సఫియా అనే పేరు

తూంకుంట బడిలో ఐదో తరగతి పిల్లలకు అమూల్య చాక్లెట్లు పంచుతోంది.

"మాకు చెల్లి పుట్టిందండి!" అంది సుచిత్ర టీచర్‌కి ఇస్తూ.

ఆ "అండి" వినగానే వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

అమూల్య వాళ్ళు అమలాపురం నుంచి ఈ మధ్యే వచ్చారు. నాన్నకు ఇక్కడికి బదిలీ అయింది. వాళ్ళుండే కొత్త కాలనీలో గేట్లన్నీ ఎప్పుడూ వేసే ఉంటాయి. ఆడుకోవడానికి ఎవరూ బయటికి రారు. బడిలో ఆమె నోరు తెరిస్తే చాలు, పిల్లలు ఆ యాసను అనుకరించి నవ్వుతారు. అందుకే మాట్లాడడమే తగ్గించేసింది.

ఆమె పక్కన కూర్చునేది నజ్‌నీన్ ఒక్కతే. నజ్‌నీన్‌ది శామీర్‌పేట. తను కూడా ఎక్కువ మాట్లాడదు. కానీ అన్నం డబ్బా తెరవగానే మూతలో ఇంత కూర పెట్టి అమూల్య వైపు జరుపుతుంది.

"పేరు పెట్టిన్రా?" అడిగింది టీచర్.

"ఇంకా లేదండి. నా పేరు చివర 'య' ఉంది కదా, చెల్లికి కూడా అలాగే రావాలంది అమ్మ. పేరు వెతకమని నాకు చెప్పింది."

"అట్లనా! అయితే అందరు తలా ఒక పేరు చెప్పుండ్రి."

క్లాసులో ఒక్కసారిగా హుషారు వచ్చింది.

"కావ్య!"

"మరియ! మా మేనత్త పేరు. చర్చిల పెట్టిన్రు."

"తాన్యా! గది రష్యా పేరు టీచర్."

"ఆయా! జపాన్‌ల గట్ల పెట్టుకుంటరంట."

"మా తాత పేరు గూడ 'య'నే! వీరయ్య!" అని అరిచాడు భానుతేజ.

అందరూ పగలబడి నవ్వారు. అమూల్య కూడా నవ్వింది. ఇంతమంది తన వైపు తిరిగి తనతో కలిసి నవ్వడం ఇదే మొదటిసారి. ఆ నవ్వు ఆగిపోకూడదనిపించింది.

అప్పుడే పక్క నుంచి నజ్‌నీన్ మెల్లగా అంది. "సఫియా."

"సఫియానా? సబ్బు పేరులా ఉంది!" అంది అమూల్య.

క్లాసంతా గొల్లుమంది. "సబ్బు! సబ్బు!" అని బెంచీలు చరిచారు. టీచర్ "ఏయ్, సాలు!" అని గద్దించేదాకా ఆగలేదు.

నజ్‌నీన్ తల దించుకుంది.

మర్నాడు అమూల్య వచ్చేసరికి పక్క చోటు ఖాళీగా ఉంది. నజ్‌నీన్ చివరి బెంచీలో, కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

నిన్న నవ్విన వాళ్ళకు ఇవాళ అమూల్య గుర్తే లేదు. అన్నాల వేళ ఎవరి గుంపులో వాళ్ళు కూర్చున్నారు. అమూల్య ఒక్కతే డబ్బా తెరిచింది. రెండు ముద్దలు తిని మూసేసింది.

ఇంటికెళ్తే అమ్మమ్మ శేషారత్నం గుమ్మంలోనే వేలు పెదాల మీద పెట్టుకుని ఎదురొచ్చింది.

"ష్... చప్పుడు చేయకే. చెల్లి, అమ్మ ఇప్పుడే పడుకున్నారు."

అమూల్య చెప్పులు చేత్తో పట్టుకుని మేడ మీదికి వెళ్ళింది. ఎదురుగా ఖాళీ ప్లాట్లు, వాటిలో పాతిన రాళ్ళు. దూరంగా రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. ఆమెను ఎవరూ పిలవలేదు.

తర్వాతి రోజు బడి వదిలాక గేటు దగ్గర ఒకావిడ ఆమెను ఆపింది.

"నువ్వు అమూల్యవే గద బేటా? నేను నజ్‌నీన్ అమ్మీని." ఆమె పేరు ఫాతిమా. కూతురి కోసం వచ్చి నిలబడింది. "చెల్లె పుట్టిందంట గద! మంచిగున్నదా? పాలు తాగుతాందా?"

"ఆ... బావుందండి."

"మా నజ్‌నీన్ ఇంట్ల ఎప్పుడు నీ ముచ్చట్లే చెప్తది. రెండు దినాలాయె, మాట్లాడుతనే లేదు. ఏమాయెనో ఏమో."

అమూల్య సంచీ పట్టీని మెలితిప్పింది.

ఫాతిమా ఆమె తల నిమిరి అంది. "నాకు గూడ పోయినేడు ఒక బిడ్డ పుట్టింది. దవాఖాన నుంచి ఇంటికి రాలే."

"పేరు... పెట్టారా ఆంటీ?"

ఫాతిమా పెదవులు కదిలాయి. మాట మాత్రం బయటికి రాలేదు. చున్నీ సర్దుకుని "పెట్టినం" అని మాత్రం అంది.

ఆ పేరేమిటో అమూల్యకు తెలిసిపోయింది. ఆ రాత్రి చెల్లి నిద్రలో మూతి ముడుస్తుంటే చూడలేక అటు తిరిగి పడుకుంది.

మర్నాడు అన్నాల వేళ నజ్‌నీన్ నీళ్ళ ట్యాంకు వెనక మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంది. అమూల్య వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నేను అలా అనకుండా ఉండాల్సింది. అందరూ నవ్వుతుంటే బావుందనిపించి అనేశాను. మా చెల్లికి సఫియా అనే పెట్టమని అమ్మని అడుగుతాను. నిజంగా."

"వద్దు" అంది నజ్‌నీన్ గబుక్కున. "గది మా చెల్లె పేరు."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పావు?"

నజ్‌నీన్ రొట్టె ముక్కను వేళ్ళతో తుంచింది.

"ఊకెనే. ఒక్కసారి బయటికి అనాలనిపిచ్చింది. ఇంట్ల ఎవ్వరం అనం. అంటే అమ్మీ ఏడుస్తది."

అమూల్య మళ్ళీ క్షమించమని అడగబోయింది. ఎన్ని మాటలో నోటిదాకా వచ్చాయి. అవన్నీ మింగేసి నజ్‌నీన్ పక్కన మెట్టు మీద కూర్చుంది.

"సఫియా ఎలా ఉండేది?" అని అడిగింది.

నజ్‌నీన్ తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. ఎక్కడైనా నవ్వు దాగుందేమోనని వెతికింది. లేదు.

"దవాఖానల అద్దంల నుంచి చూపిచ్చిన్రు" అంది మెల్లగా. "తల నిండ ఎంటికలు. మస్తుండె. చెయ్యి ఇంతే, గింతంత. ఒక్కసారి ఆవలిచ్చింది."

గంట మోగింది. పిల్లలంతా గదుల వైపు పరుగెత్తారు. ఇద్దరూ లేవలేదు.

"ముక్కు?" అంది అమూల్య.

"ముక్కు అచ్చం నాదే" అంది నజ్‌నీన్, తన ముక్కు పట్టుకుని చూపిస్తూ.