లేని కంపెనీ ప్రతినిధి

"దూన్య కనిపెట్టిన పొర బయటివాళ్ల చేతికి చిక్కకూడదు. అంతే నీ పని," అన్నాడు కల్నల్ విడాక్.

తాగునీళ్లలోని ఆర్సెనిక్‌ను చౌకగా వడకట్టే పొర అది. సెర్బియాలోని నోవీసాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్న దూన్య ఏళ్ల తరబడి పడ్డ కష్టం. దాని మీద ఒక విదేశీ ముఠా కన్ను పడింది.

ఏజెంట్ స్ట్రాహిన్యా, వుకాషిన్ అనే పేరుతో ఫిల్టర్ల కంపెనీ ప్రతినిధిగా ల్యాబ్‌లో దిగాడు. గుండీలో మైకు, కళ్లజోడులో కెమెరా. కంపెనీ మాత్రం లేదు. దూన్య అతన్ని నెత్తిన పెట్టుకుంది. వాళ్లమ్మ క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి సర్మా వండి కొసరి కొసరి వడ్డించింది.

"పేటెంట్ అప్లికేషన్ మా లాయర్లు చూస్తారు, తొందరేం లేదు. ముందు థీసిస్ ఇచ్చేయ్," అని అతనే చెప్పాడు. థీసిస్ పూర్తయితే దొంగలు ల్యాబ్‌కు వస్తారని, వల వేసి పట్టుకోవచ్చని అతని ఎత్తు.

దొంగలు రాలేదు. క్సేనియా వచ్చింది. ముఠాకూ కల్నల్ గూఢచారి శాఖకూ కూడా పనిచేసే అందగత్తె. డాన్యూబ్ ఒడ్డున కెఫేలో ఎర్రకోటు విప్పకుండానే కూర్చుంది.

"ల్యాబ్‌కి అన్ని తాళాలెందుకు? మావాళ్లు అటు రానే రారు," అంది.

"మరి?"

"వైవాకి ముందు థీసిస్‌ని నెల రోజులు లైబ్రరీలో పెడతారుగా, ఎవరైనా చదువుకోవచ్చని. అప్లికేషన్ వేయకముందే అది జనంలోకి వెళ్తే ఇంక పేటెంట్ రాదు. ఇవాళే పెడుతున్నారు. నీకు తెలీదా? చదువు మధ్యలో మానేశావా ఏంటి?"

మానేశాడు.

"నాకెందుకు చెప్తున్నావ్?"

"ఈ నెల మీవాళ్లిచ్చే జీతం ముందు పడింది."

అతను పరుగు తీశాడు. లైబ్రరీ కౌంటర్ దగ్గర ముఠా మనిషి తచ్చాడుతున్నాడు. థీసిస్ ఇంకా లైబ్రేరియన్ గోర్దానా మోచేతి కిందే ఉంది.

"ఈయనదీ పొద్దున్నుంచి ఒకటే గోల. కాఫీ తాగందే నేను ఏ పనీ ముట్టను బాబూ," అంటూ ఆమె ఆఖరి గుక్క మింగి థీసిస్‌ను ముందుకు జరిపింది. ముఠా మనిషి చెయ్యి చాచాడు. స్ట్రాహిన్యా చెయ్యి దాని మీద ముందు పడింది. రెండో చేత్తో అసలు గుర్తింపు కార్డు తీశాడు. గుండీ మైకులో పిలుపు విని వచ్చిన కానిస్టేబుళ్లు ఆ మనిషిని పట్టుకుపోయారు.

వెనక దూన్య నిలబడి ఉంది. తన థీసిస్‌తో ఫోటో దిగుదామని వచ్చింది.

"మీ పేరు ఇదా?" కార్డు చూస్తూ అడిగింది.

"అవును."

"మరి కంపెనీ?"

"లేదు."

"అమ్మ వీధంతా చెప్పుకుంది."

అతను తల ఎత్తలేకపోయాడు. ఇన్నాళ్లూ ఆ అప్లికేషన్‌ను తన సొరుగులో పడేసి తాళం వేసుకున్నది తనే. ముఠా కూడా ఆ పిల్లకు ఇంత ద్రోహం చేయలేదు.

"నీ దగ్గరున్న అప్లికేషన్ కాపీ ఇప్పుడే పేటెంట్ ఆఫీసుకు పంపేయమ్మా. లాయర్ అక్కర్లేదు," అన్నాడు.

ఆమె లైబ్రరీ కంప్యూటర్ ముందు కూర్చుని పంపింది. అందినట్టు జవాబు వచ్చింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

ఫోన్ మోగింది. కల్నల్.

"శభాష్. నీ వేషం ఎవరూ పట్టుకోలేదు కదా?"

"ఒకమ్మాయి పట్టుకుంది సార్."

"ముఠా మనిషా?"

"కాదు సార్. మనవైపే ఉండేది."